వెరోనా అరీనాలో ‘అయీదా’: మొదటి ఒపెరాగా చూడొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. జులైలో ఇటలీ వస్తున్నారు. వెనిస్‌కీ మిలాన్‌కీ మధ్య రెండు రాత్రులు ఖాళీగా ఉన్నాయి. వెరోనాలోని రోమన్ అరీనాలో ఇటాలియన్ సంగీతకర్త వెర్డీ రాసిన ఒపెరా (మాటలన్నీ పాటగా నడిచే నాటకం) ‘అయీదా’ ఉందని చూశారు. మీరు, మీ ఆవిడ, పదకొండేళ్ళ అమ్మాయి, మోకాళ్ళ నొప్పులున్న మీ అమ్మగారు. ఇంట్లో ఎవరూ ఇంతవరకు ఒపెరా చూడలేదు. అంత డబ్బు పోసి, తెలియని భాషలో, అర్ధరాత్రి దాకా కూర్చోవడం అవసరమా, దానికంటే మిలాన్‌లో లా స్కాలా అనే ఒపెరా థియేటర్‌కి వెళ్తే మేలా అని అడిగారు.

వెళ్ళండి. వెరోనాకే వెళ్ళండి. ఒక్క షరతు: రెండో అంకంలో ఊరేగింపు అయిపోగానే “చూడాల్సింది చూసేశాం” అని లేచి రాకండి. ప్రతి వేసవిలోనూ సెలవుల మీద వచ్చినవాళ్ళు చేసే పని అదే. రెండో అంకం తర్వాత విరామంలో గుమ్మాల దగ్గర చూస్తే పిల్లల్ని భుజాన వేసుకుని హోటళ్ళకి పోయేవాళ్ళు బారులు కట్టి కనబడతారు. టికెట్‌లో సగం విలువ అక్కడే వదిలేసి పోతున్నారు పాపం.

నేను ఉద్యోగరీత్యా ఉత్తర ఇటలీలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. వేసవిలో మా ఇంటికి వచ్చిన చుట్టాల్నీ స్నేహితుల్నీ అరీనాకి తీసుకెళ్ళే పని నా మీదే పడుతుంది. సంగీతం నేర్చుకున్నవాళ్ళూ, పాటంటేనే విసుక్కునేవాళ్ళూ నా పక్కన కూర్చుని చూశారు. గమనించిందేమిటంటే, సంగీతం తెలియకపోవడం వల్ల నిరాశపడినవాళ్ళు తక్కువ. ‘భారీతనం’ ఒక్కటే ఆశించి వచ్చినవాళ్ళే ఎక్కువగా నిరాశపడ్డారు. భారీతనానికి అలవాటు పడిపోవడానికి కంటికి అరగంట చాలు. ఆ తర్వాత పట్టి కూర్చోబెట్టేది ఇంకొకటి కావాలి. ‘అయీదా’లో అది ఉంది, కానీ ఎక్కడుందో ముందే తెలిసుంటే తప్ప అంత పెద్ద వేదిక మీద దొరకడం కష్టం.

ముందు చోటు గురించి. అరీనా క్రీ.శ. ఒకటో శతాబ్దంలో రోమన్లు కట్టిన బహిరంగ క్రీడాంగణం. పైకప్పు లేదు. 1117లో వచ్చిన భూకంపానికి బయటి గోడ దాదాపు మొత్తం కూలిపోయింది. ఇప్పుడు ఒక పక్కన నాలుగు కమానులున్న ముక్క మాత్రం నిలబడి ఉంది. లోపలి కట్టడం మిగిలింది కాబట్టి ఈ రోజుకీ అక్కడి రాతి మెట్ల మీద వేలమంది కూర్చోగలుగుతున్నారు. 1913 ఆగస్టు 10న, వెర్డీ పుట్టి నూరేళ్ళయిన సందర్భంలో, వెరోనాకే చెందిన జొవాన్నీ జెనతెల్లో అనే టెనర్ (పైస్థాయి మగగొంతు) గాయకుడు పూనుకుని ఇక్కడ ‘అయీదా’ వేయించాడు. రెండు ప్రపంచ యుద్ధాలప్పుడు ఆగింది గానీ ఆ తర్వాత వేసవి అంటే ఇక్కడ ఒపెరానే. పేరుమోసిన ఒపెరా గాయని మరియా కలాస్ ఇటలీలో మొదటిసారి పాడింది కూడా ఈ వేదిక మీదే, 1947లో.

మధ్యాహ్నానికే ఊరు చేరగలిగితే ముందు అరీనా బయట ఉన్న పియాజా బ్రా అనే చౌకులోకి అమ్మాయిని తీసుకెళ్ళండి. రోజుకో ఒపెరా మార్చి మార్చి వేస్తారు కాబట్టి ఆ రాత్రికి అక్కర్లేని సెట్లన్నీ బయటే పెట్టేస్తారు. ఐస్‌క్రీమ్ తింటున్న జనం మధ్య, పార్కింగ్‌లో బండి నిలిపినంత మామూలుగా, ఇంతెత్తు సింహికలూ (మనిషి తల, సింహం ఒళ్ళు ఉండే ఈజిప్టు బొమ్మలు) స్తంభాలూ పడుంటాయి. ముందు నుంచి చూస్తే బంగారు దేవత. వెనక్కి తిరిగి వస్తే ఇనప చట్రం, పలకలు, క్రేన్ కొక్కెం తగిలించడానికి కడ్డీలు. సాయంత్రం అదే బొమ్మ లోపల దీపాల వెలుగులో కనబడినప్పుడు దాని వీపు ఎలా ఉంటుందో మీ అమ్మాయికి తెలిసి ఉంటుంది. పిల్లలకి అదొక రహస్యం తెలిసినంత సంబరం.

ఇప్పుడు ఒక ముఖ్యమైన సంగతి. ‘అయీదా’ అన్న పేరు చూసి టికెట్ కొనేయకండి. ఆ రాత్రి ఎవరి ప్రొడక్షనో చూడండి. పాట, మాట మారవు. వేదిక మీద కనబడేదంతా దర్శకుణ్ణి బట్టి మారిపోతుంది. అరీనాలో ఒకే ‘అయీదా’ని రకరకాలుగా వేశారు. 1913 నాటి సెట్ల నమూనాలో జాన్‌ఫ్రాంకో దె బోసియో 1982లో చేసినది ఒకటుంది: స్తంభాలు, సింహికలు, ఊహించుకునే ఈజిప్టు అచ్చంగా. ఫ్రాంకో జెఫిరెల్లి 2002లో చేసినదాంట్లో వేదిక నడిమధ్యన బంగారు రంగు పిరమిడ్. 2023లో నూరో ఉత్సవానికి స్తెఫానో పోదా చేసిన దాంట్లో ఈజిప్టు దాదాపు లేదు: వెండి మెరుపులు, లేజర్ కాంతులు, వేళ్ళు కదిలించే పెద్ద చెయ్యి. కొత్తది బాగాలేదని కాదు. కానీ మీ అమ్మగారు పిరమిడ్ చూద్దామని వచ్చి లేజర్లు చూస్తే ఆవిడ అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పుకోవాల్సింది మీరు.

నా ఇష్టం అడిగితే, మొదటిసారికి పాతకాలపు పద్ధతిలో ఉన్నదే మంచిది. జెఫిరెల్లి అంటే నాకు గౌరవమే గానీ ఒక చిక్కుంది. వేదిక మీద ఎంతమందిని నింపుతాడంటే పాడుతున్నది ఎవరో వెతుక్కోవాలి. చిన్న బైనాక్యులర్ ఒకటి బ్యాగులో పడేసుకోండి. ఇంకో చిట్కా: గుంపులో అందరూ కదులుతున్నప్పుడు కదలకుండా నిలబడ్డవాళ్ళని చూడండి. పాడుతున్నది దాదాపు ఎప్పుడూ వాళ్ళే.

ఇక కథ. ఇది ముందే తెలిసి ఉండాలి, ఇందులో సస్పెన్స్ చెడిపోయేదేమీ లేదు. మన పద్యనాటకాలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు: రాయబారంలో ఏం జరుగుతుందో తెలియక ఎవరూ వెళ్ళరు, పద్యం ఎలా పాడతాడో చూడ్డానికి వెళ్తారు, నచ్చితే వన్స్ మోర్ అంటారు. ఒపెరా కూడా సరిగ్గా అంతే. అరీనాలో వెర్డీదే మరో ఒపెరా ‘నబుక్కో’ వేసినప్పుడు బానిసల బృందగానాన్ని జనం పట్టుబట్టి రెండోసారి పాడించుకోవడం తరచూ జరుగుతుంది.

అయీదా ఇథియోపియా రాజు కూతురు. ఈజిప్టులో బందీగా, ఫారో కూతురు అమ్నెరిస్‌కి దాసీగా ఉంది. ఆమె రాకుమార్తె అని అక్కడ ఎవరికీ తెలియదు. రదామెస్ అనే సైనికాధికారి అయీదాని ప్రేమించాడు. అమ్నెరిస్ రదామెస్‌ని ప్రేమించింది. ఇథియోపియా మీద యుద్ధానికి రదామెస్‌ని సేనాపతిగా పంపుతారు. గెలిచి వస్తాడు. పట్టుకొచ్చిన బందీల్లో అయీదా తండ్రి కూడా ఉంటాడు. ఫారో బహుమానంగా తన కూతుర్నే ఇస్తానంటాడు. నైలు ఒడ్డున తండ్రి ఒత్తిడి తట్టుకోలేక అయీదా, సైన్యం ఏ దారిన వెళ్తుందో రదామెస్ నోటి నుంచి రాబడుతుంది. అది బయటపడుతుంది. అతను పారిపోకుండా లొంగిపోతాడు. బతికుండగానే సమాధి చెయ్యమని పూజారులు తీర్పిస్తారు. లోపల మూసేశాక చూస్తే, ముందే వచ్చి దాక్కున్న అయీదా అక్కడుంటుంది. అంతే. నాలుగు అంకాలు.

సూయజ్ కాలువ ప్రారంభోత్సవం కోసం వెర్డీ దీన్ని రాశాడని టూరిస్ట్ గైడ్లు చెబుతారు. నమ్మకండి. కాలువ తెరిచింది 1869 నవంబరులో. ‘అయీదా’ కైరోలో మొదటిసారి ఆడింది 1871 డిసెంబరు 24న. కైరోలో కట్టిన కొత్త ఒపెరా హౌస్ కోసం ఈజిప్టు పాలకుడు ఇస్మాయిల్ అడిగి రాయించుకున్నాడు. కథకి మూలం అందించింది ఓగస్త్ మారియెత్ అనే ఫ్రెంచి పురావస్తు నిపుణుడు. దుస్తులు, సెట్లు పారిస్‌లో తయారయ్యాయి. అంతలో ప్రష్యన్ (జర్మన్) సైన్యం పారిస్‌ని ముట్టడించింది. సెట్లు లోపల, బట్టలు లోపల, మారియెత్ కూడా లోపలే. సంగీతం సిద్ధంగా ఉన్నా ప్రదర్శన వాయిదా పడింది. ఆడంబరం ఈ ఒపెరాకి తర్వాతివాళ్ళు తగిలించింది కాదని చెప్పడానికి ఇదంతా రాస్తున్నాను. పుట్టుకతోనే ఉంది. బట్టలు రాలేదని ఆగిపోయిన ఒపెరా ఇది!

ఆ ఆడంబరం అంతా పోగుపడేది రెండో అంకం రెండో భాగంలో, విజయోత్సవం దగ్గర. బూరలు మోగుతాయి. ఆ దృశ్యం కోసం వెర్డీ ప్రత్యేకంగా చేయించిన పొడుగాటి, నిటారుగా ఉండే ట్రంపెట్లు అవి. ఒక్కో జట్టుకి మూడు చొప్పున రెండు జట్లు. మొదటి జట్టు ఒక శ్రుతిలో పాట ఎత్తుకుంటుంది. అది అలవాటు అయ్యేలోపు రెండో జట్టు అదే పాటని మూడు స్వరస్థానాలు పైనుంచి అందుకుంటుంది. వేదిక మీద ఏమీ మారకపోయినా ఎవరో అన్ని దీపాలూ ఒక్కసారి వెలిగించినట్టనిపిస్తుంది. సంగీతం ఏమాత్రం తెలియనివాళ్ళు కూడా అక్కడ నిటారుగా కూర్చోవడం చూశాను. రెండు జట్లనీ వేదికకి రెండు పక్కల నిలబెట్టడం మామూలు. మీ అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి, రెండో జట్టు ఎటువైపు నుంచి వస్తుందో పందెం కాసుకోవచ్చు.

ఈ హడావిడిలో ఒక కన్ను పూజారుల గుంపు మీద వేసి ఉంచమంటాను. బందీలు ప్రాణభిక్ష అడుగుతారు. ప్రజలు దయ చూపమంటారు. పూజారులు మాత్రం చంపెయ్యమంటారు. ఆ రోజు వాళ్ళ మాట నెగ్గదు. నాలుగో అంకంలో నెగ్గుతుంది. రెండో అంకంలో ఎవరి జయజయధ్వానాల మధ్య రదామెస్ నిలబడ్డాడో ఆ జనం మళ్ళీ కనబడరు, పూజారులే వస్తారు. అంత పెద్ద గుంపుని వెర్డీ మన ముందు పెట్టింది, తర్వాత దాన్ని తీసేయడానికే అని నా నమ్మకం. నిండిన వేదిక చూసినవాళ్ళకే ఖాళీ వేదిక బరువు తెలుస్తుంది.

మూడో అంకం తెరుచుకునేసరికి నైలు ఒడ్డు, రాత్రి. వయొలిన్లు ఒకే ఒక్క స్వరాన్ని పైస్థాయికీ కిందికీ మారుస్తూ చాలా మెల్లగా పలికిస్తుంటాయి. శ్రుతి పెట్టుకున్నట్టు ఆ స్వరం అలాగే ఉంటుంది. దాని మీద ఒంటరిగా వేణువు. కర్ణాటక సంగీతానికి అలవాటుపడ్డ చెవికి ఒపెరా మొత్తంలో ఇంతకంటే చుట్టరికం తోచే చోటు ఉండదు. కాసేపటికి అయీదా తన దేశాన్ని మళ్ళీ చూడలేనని పాడుతుంది. చివర్లో గొంతు తారస్థాయికి, సొప్రానోలు (పైస్థాయి ఆడగొంతువాళ్ళు) భయపడే షడ్జం దాకా వెళ్ళాలి, అదీ అరుపుగా కాకుండా మెత్తగా. అక్కడ గాయని ఎలా చేస్తుందో చూడ్డానికే ఊరివాళ్ళు పైమెట్ల మీద కూర్చుని ఉంటారు.

నాలుగో అంకం మొదటి భాగం ఇంకా పైమెట్టు. రదామెస్ విచారణ జరుగుతుంది, కానీ మనకి కనబడదు. నేలమాళిగలో, తెర వెనక. వేదిక మీద ఉన్నది అమ్నెరిస్ ఒక్కతే. అతన్ని పట్టించింది ఆమె అసూయే. ఇప్పుడు కాపాడాలని ఉన్నా చేతిలో ఏమీ లేదు. కింద నుంచి ప్రధాన పూజారి రాంఫిస్ గొంతు రదామెస్ పేరు మూడుసార్లు పిలుస్తుంది. నేరం చదువుతుంది. జవాబు చెప్పుకోమంటారు. జవాబు రాదు. “ద్రోహి” అంటారు. ఇదంతా మళ్ళీ. ఇంకోసారి మళ్ళీ. మూడు ఆరోపణలు, మూడు మౌనాలు. ప్రతి మౌనం తర్వాతా ఆమె అరుపు ఒక మెట్టు పైకెక్కుతుంది. బయటికి వచ్చిన పూజారుల మీద విరుచుకుపడుతుంది, వాళ్ళు పట్టించుకోకుండా వెళ్ళిపోతారు. వేల మంది చూసేలా కట్టిన ఆ వేదిక మీద జరిగేది ఒక్కటే: ఒక మనిషి వినడం. ‘అయీదా’ చూసి వచ్చానని ఎవరన్నా చెబితే నేను మొదట అడిగేది ఈ ఘట్టం గురించే. పిరమిడ్ గురించి చెప్పి ఊరుకుంటే విరామంలో వెళ్ళిపోయారని అర్థమైపోతుంది.

ఇదంతా అందుకోవడానికి వెళ్ళేముందు ఇంట్లో ఒక గంట చాలు. మొత్తం వీడియో పెట్టుకుని చూడొద్దు, కళ్ళకి ఉన్న కొత్తదనం పోతుంది. పాటలు మాత్రం వినండి. మొదటి అంకంలో రదామెస్ పాడే ‘చెలెస్తె అయీదా’, విజయోత్సవ బూరలు, నైలు ఒడ్డు ఆరంభం, అయీదా పాడే ‘ఓ పాత్రియా మియా’, విచారణ ఘట్టం, చివరి యుగళం ‘ఓ తెర్రా అద్దియో’. కారులో వెళ్తూ రెండు మూడుసార్లు వింటే చాలు, అక్కడ వినబడగానే పాత పరిచయంలా ఉంటుంది. ఒపెరా పాటకి తెలిసిన పాట అయి ఉండటమే సగం బలం.

‘చెలెస్తె అయీదా’ గురించి ఓ హెచ్చరిక. ఒపెరా మొదలైన కొద్ది నిమిషాలకే అది వచ్చేస్తుంది. టెనర్ ఇంకా గొంతు సర్దుకోకుండానే పాడాల్సిన కష్టమైన పాట. చివరి పైస్వరాన్ని మెల్లగా ఆరిపోతున్నట్టు పాడమని వెర్డీ రాశాడు. చాలామంది టెనర్లు గట్టిగా లాగి చప్పట్లు కొట్టించుకుంటారు. మీ రాత్రి టెనర్ ఎటువైపో చూడండి. ఆలస్యంగా వస్తే ఇది పోతుంది, వెనక్కి రాదు.

శబ్దం సంగతి. సినిమా హాల్లో గుండెలదిరే శబ్దానికి అలవాటుపడి వస్తాం కాబట్టి మొదటి పది నిమిషాలు “ఇంత చిన్నగా వినబడుతోందేమిటి” అనిపిస్తుంది. కంగారు పడకండి, చెవి సర్దుకుంటుంది. మైకు అవసరం లేకుండా ఆర్కెస్ట్రాని దాటి వినబడటమే ఒపెరా గాయకుల శిక్షణలో అసలు విద్య. అది కేవలం గట్టిగా పాడటం కాదు. ఆర్కెస్ట్రా శబ్దశక్తి ఎక్కువగా 500 హెర్ట్జ్ (శబ్దం ఎంత పైస్థాయిలో ఉందో చెప్పే కొలత) చుట్టుపక్కల ఉంటుంది, పైకి పోయేకొద్దీ తగ్గిపోతుంది. ఒపెరా గొంతు, ముఖ్యంగా మగగొంతు, 3000 హెర్ట్జ్ ప్రాంతంలో అదనపు పదును తెచ్చుకుంటుంది. ఆర్కెస్ట్రా పలచబడే ఆ సందులోంచి గొంతు దూసుకొస్తుంది. అయినా ఆరుబయట గాలి వాటాన్ని బట్టి ఒక్కో వాక్యం అటూ ఇటూ పోతుంటుంది. దాన్ని ఒప్పుకోవాల్సిందే.

సీట్లు. ఇటీవలి సీజన్లలో పైమెట్ల మీద చోటు సుమారు 30, 40 యూరోల దగ్గర మొదలవుతోంది, వేదిక ముందరి ఖరీదైన కుర్చీలు 300 యూరోలు దాటుతున్నాయి. నాకైతే అన్నిటికన్నా ముందున్న కుర్చీలు డబ్బు దండగ అనిపిస్తుంది. మొహాలు కనబడతాయి గానీ, అంత వెడల్పు వేదిక మీద గుంపు మొత్తం ఎలా కదులుతోందో కనబడదు. కొంచెం ఎత్తు నుంచి, మరీ పక్కకి కాకుండా చూస్తేనే దర్శకుడు వేసిన బొమ్మ తెలుస్తుంది. మెట్ల కింది భాగంలో కుర్చీలు బిగించిన నంబరు సీట్లుంటాయి, మీవంటివాళ్ళకి అవి నా మొదటి సిఫార్సు.

కానీ అమ్మగారి మోకాళ్ళు ఉన్నాయి. అరీనా మెట్లు రాతి మెట్లు, ఎత్తుగా ఉంటాయి, అన్నిచోట్లా పట్టుకోవడానికి ఏమీ ఉండదు, అర్ధరాత్రి చీకట్లో జనంతో కలిసి దిగాలి. కాబట్టి ఆవిడకి కింద సమతలం మీద ఉండే కుర్చీల్లో వెనక వరసలు తీసుకోండి. ధర కాస్త తగ్గుతుంది, ఎక్కేదీ దిగేదీ ఉండదు. నలుగురూ అక్కడే కూర్చోవచ్చు. లేదా ఆవిడా మీ ఆవిడా కింద, మీరూ అమ్మాయీ పైమెట్ల మీద. రెండో పద్ధతే పిల్లకి సరదా, దీపాల ఆచారం పైన కూర్చుంటేనే బాగుంటుంది. చీకటి పడి ఆర్కెస్ట్రా సిద్ధమయ్యేవేళ మెట్ల మీద జనం చిన్న చిన్న కొవ్వొత్తులు వెలిగిస్తారు. కరెంటు దీపాలు సరిగా లేని తొలినాళ్ళలో చేతిలోని పాటల పుస్తకం చదువుకోవడానికి వెలిగించుకునేవారట, అలా మొదలైంది అంటారు.

మెట్ల మీద కూర్చుంటే రాయి పగలంతా ఎండ తాగి రాత్రి పదకొండైనా వెచ్చగానే ఉంటుంది. వీపుకి ఆనుకోవడానికి ఏమీ ఉండదు. లోపల మెత్తలు దొరుకుతాయి, తీసుకోండి, దాని దగ్గర పొదుపు చెయ్యకండి. గాజు సీసాలు లోపలికి రానివ్వరు, నీళ్ళు ప్లాస్టిక్ సీసాలో తెచ్చుకోండి. కింద కుర్చీల్లో కూర్చునేవాళ్ళు నిక్కర్లూ బనియన్లతో వెళ్ళకూడదు. చీర కట్టుకుంటే భేషుగ్గా ఉంటుంది, కట్టుకుని వచ్చిన మా బంధువుల్ని ఇటాలియన్ పెద్దావిడలు ఆపి మరీ మెచ్చుకున్నారు. పైమెట్ల మీద ఎలా వచ్చినా ఎవరూ అడగరు.

వాన గురించి ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి జాగ్రత్తగా చదవండి. ప్రదర్శన మొదలవకముందే రద్దయితే డబ్బు వాపసు అడగవచ్చు. మొదలయ్యాక, పది నిమిషాలకే ఆగిపోయినా సరే, వాపసు లేదు. చినుకు పడగానే మొదట లేచేది వయొలిన్లవాళ్ళు, తడిస్తే ఆ చెక్క వాయిద్యాలు పాడవుతాయి. మీరు మాత్రం వెంటనే లేచిపోకండి. వేసవి జల్లు చాలాసార్లు కాసేపట్లో వెలుస్తుంది, మెట్లు తుడిచి, వదిలినచోట నుంచి మళ్ళీ ఎత్తుకుంటారు. గొడుగు వెనకవాళ్ళకి అడ్డం, పల్చటి రెయిన్‌కోట్లు నాలుగు మడిచి పెట్టుకోండి. మీకు రెండు రాత్రులు ఉన్నాయి కదా, వీలైతే ఒపెరా మొదటి రాత్రికి పెట్టుకోండి. రద్దయితే రెండో రాత్రి ఏముందో చూసుకునే అవకాశం మిగులుతుంది.

జులైలో అక్కడ సూర్యుడు అస్తమించేసరికి తొమ్మిదవుతుంది. ప్రదర్శన తొమ్మిది దాటాక మొదలై విరామాలతో కలిపి అర్ధరాత్రి దాటాకే ముగుస్తుంది. ఆ వేళప్పుడు వెనిస్‌కో మిలాన్‌కో రైలు దొరుకుతుందని లెక్కపెట్టుకోవద్దు. రెండు ఊళ్ళ నుంచీ వేగంగా వెళ్ళే రైల్లో గంటా పావుకి అటూ ఇటూ పడుతుంది, పగలే వచ్చి ఆ రాత్రి వెరోనాలోనే ఉండండి. పోర్తా నువొవా స్టేషన్ నుంచి అరీనాకి తిన్నగా ఒకే రోడ్డు, నడిస్తే ఇరవై నిమిషాలు. అమ్మగారి కోసం హోటల్ మాత్రం పియాజా బ్రాకి దగ్గర్లో చూసుకోండి. ఒపెరా వదిలేసరికి టాక్సీ కోసం అందరూ ఒకేసారి ఎగబడతారు.

పదకొండేళ్ళ పిల్ల కూర్చుంటుందా అన్నారు. మధ్యాహ్నం పడుకోబెడితే కూర్చుంటుంది. పొద్దున్నుంచీ ఎండలో ఊరంతా తిప్పి, జూలియెట్ బాల్కనీ అనీ కోట అనీ చూపించి, రాత్రికి మెట్ల మీద కూర్చోబెడితే పెద్దవాళ్ళే నిద్రపోతారు. ఆ రోజు మధ్యాహ్నం ఏ పనీ పెట్టుకోకండి, నలుగురూ పడుకోండి. మూడో అంకంలో పిల్ల మీ ఒళ్ళో కునికితే కునకనివ్వండి, దానికోసం లేచి వెళ్ళిపోనక్కర్లేదు. చివరి సమాధి దృశ్యానికి లేపండి. వేదికని రెండు అంతస్తులుగా చూపించాలని రచనలోనే ఉంది: కింద సమాధి చీకటి, పైన వెలుగుతున్న ఆలయం. ఒపెరా చప్పుడుతో ముగియదు, మెల్లగా తగ్గిపోతుంది. పార్కింగ్‌కి ముందు చేరుకుందామని కొందరు అప్పుడే లేస్తుంటారు. వాళ్ళని చూసి మీరు లేవకండి.

లా స్కాలా సంగతి కొద్దిగానే చెబుతాను. 1778లో తెరిచిన థియేటర్, సంగీతం వినడానికి వెరోనా దానికి సాటిరాదు. సీటు వెనక చిన్న తెర మీద పాటల అనువాదం కూడా కనబడుతుంది. కానీ గూళ్ళలాంటి బాక్సుల్లో ముందు కూర్చున్నవాళ్ళకి వేదిక బాగా కనబడుతుంది, వెనక కుర్చీలవాళ్ళు సగం వేదిక కోసం మెడ సాచాలి. తక్కువ ధరకి దొరికిందని అవి కొని బాధపడేవాళ్ళు చాలామంది. ఒపెరా మీద ఇష్టం కుదిరాక, రెండోసారి వచ్చినప్పుడు అక్కడికి వెళ్ళండి. ఈసారికి పగటిపూట వాళ్ళ మ్యూజియం చూస్తే చాలు.

మీ తేదీలు రాస్తే ఆ రాత్రి ఏ ప్రొడక్షన్ ఉందో, అమ్నెరిస్ ఎవరు పాడుతున్నారో చూసి, ఏ వైపు సీట్లు తీసుకోవాలో చెబుతాను. శని, ఆదివారాల టికెట్లు మిగతా రోజులకంటే ముందు అయిపోతాయి కాబట్టి వారం మధ్యలో కుదిరితే అవే అడగండి.